దీవెన వేసిన తీగ

పెళ్లి వీడియోల ఆలస్యమంతా దీవెనదేనని చక్రపాణి అందరి ముందూ అన్న రోజున ఆమె తల వంచుకోలేదు.

"లేటు నాది కాదు సార్. ఆ తీగది," అంది, గోడ మీద మిణుకుమిణుకుమంటున్న నెట్‌వర్క్ స్విచ్ డబ్బా వైపు చెయ్యి చూపించి.

పక్క సీట్లో పెళ్లి ఫొటోలు దిద్దుతున్న సన్నీ మౌస్ మీద చెయ్యి అలాగే ఆపేశాడు. ఆ స్టూడియోలో యజమానికి అలా ఎదురుచెప్పిన వాళ్లు లేరు.

స్టూడియో మొయినాబాద్‌లో మెయిన్ రోడ్డు మీదే ఉంటుంది. చక్రపాణిది కోస్తా. తొంభైల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికని వచ్చి, చుట్టుపక్కల ఫామ్‌హౌసుల్లో పెళ్లిళ్లు జోరందుకున్నాక ఉద్యోగం మానేసి ఈ వ్యాపారంలో దిగాడు. ఒక్కో పెళ్లికి మూడు కెమెరాలు, ఒక డ్రోన్. తీసిందంతా వెనక గదిలోని సర్వర్ అనే పెద్ద కంప్యూటర్‌లో దాస్తారు. అందులోంచి పెద్ద పెళ్లిళ్లు ఏరి, కత్తిరించి, పాట కలిపి సినిమాలా చేసే పని దీవెనది.

దీవెనకు ముప్పై ఏడేళ్లు. ఊరు చేవెళ్ల. తల్లి ప్రేమమ్మ కూరగాయల తోటల్లో కూలికి పోయేది. "అడగందే అమ్మైనా పెట్టదు బిడ్డా, అడుగు," అని నేర్పింది కూడా ఆమే. బిడ్డ ఆ మాటను కాస్త ఎక్కువగానే వంటబట్టించుకుంది. ఇంటర్ చదివే రోజుల్లో చర్చిలో పాటలు పాడేది. మైకు ఎప్పుడూ తేనెటీగల తుట్టెలా రొద పెట్టేది. పెద్దలు ఓర్చుకొమ్మన్నారు. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో లేచి వెళ్లి, ఊడిపోయిన ఎర్త్ వైరు వెతికి పట్టుకుని బిగించి వచ్చింది. రొద ఆగింది. ప్రసంగం మధ్యలో లేచినందుకు చీవాట్లు మాత్రం పడ్డాయి. ఆ తర్వాత డీటీపీ నేర్చుకుంది, చేవెళ్లలోనే ఒక ఫొటో స్టూడియోలో పదేళ్లు పనిచేసింది, పాడైన కంప్యూటర్లన్నీ తనే విప్పి తనే బిగించింది.

చక్రపాణి అంత మాటన్నాక ఆమె ఒక వారం పాటు ఓపికగా టైము రాసింది. ఒక్కో పెళ్లి వీడియో సర్వర్‌లోంచి తన కంప్యూటర్‌లోకి రావడానికి అయిదు గంటలు. తిరిగి సర్వర్‌కు పంపడానికి మళ్లీ అలాగే. ఆఫీసులోని పదకొండు కంప్యూటర్లూ, ప్రింటర్లూ, గోడల మీది కెమెరాలూ పంపేవన్నీ ఆ ఒక్క స్విచ్ డబ్బాలోంచే పోతాయి. ఆ కాగితం తీసుకెళ్లి చక్రపాణి బల్ల మీద పెట్టింది.

"సర్వర్ నా గోడ అవతలనే ఉన్నది సార్. నా కంప్యూటర్ల ఒక ఫాస్ట్ నెట్‌వర్క్ కార్డు, సర్వర్ల ఒకటి పెట్టి, రెంటికీ నడుమ ఒక్కటే కేబుల్ ఏస్త. స్విచ్‌తోని పనే లేదు. ఇప్పటికి పదింతల తొవ్వ అయితది."

చక్రపాణి కాగితం చూశాడు. ఫోన్ తీసి క్రాంతి కుమార్‌ను పిలిపించాడు. ఆఫీసు నెట్‌వర్క్ పనులు కాంట్రాక్టు మీద చూసేది అతనే. దీవెన తరచూ చెప్పే చర్చి మైకు కథ అతనికీ తెలుసు, వచ్చీ రాగానే నవ్వాడు.

"అక్కా, ఇది చర్చిల మైకు కాదే. సర్వర్ విప్పి ఏదన్న అయితే వంద పెండ్లిళ్లు పోతయ్. ఫికర్ చెయ్యకు, వచ్చే ఏడు స్విచ్చే మారుద్దాం."

"వచ్చే ఏడు దాకా మాట నువ్వు పడతవా తమ్మీ?" అని అడిగింది దీవెన. "అన్నిటికీ బ్యాకప్ తీసిపెట్టిన. ఆషాఢం నడుస్తున్నది, షూటింగులు లేవు. ఒక్క దినం ఇయ్యున్రి."

చక్రపాణి కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒక్క రోజే అమ్మా. సాయంత్రానికి ఎలా ఉన్నది అలా ఉండాలి. తేడా వస్తే మాత్రం నేను ఊరుకోను."

"సరే సార్."

రెండు కార్డులూ, మూడు మీటర్ల కేబులూ సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే చోట దొరికాయి. ఎక్కడో పెద్ద ఆఫీసు సర్వర్లలో పనిచేసి వచ్చినవి. సోమవారం పొద్దున ఆమె ఇంటి నుంచి డ్రిల్లు కూడా తెచ్చుకుంది. అది ఆమె భర్త రత్నాకర్‌ది. అతను కొండకల్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో వెల్డరు. "నేను లీవు పెట్టి రావాల్నా?" అని అడిగితే వద్దంది. అతను వస్తే పని అతనే చేశాడంటారని ఆమెకు తెలుసు.

గోడకు తనే రంధ్రం చేసింది. సర్వర్ ఆపి, మూత తీసి, దుమ్ము ఊది, కార్డు గుచ్చింది. తన కంప్యూటర్‌కూ అలాగే. రంధ్రంలోంచి కేబుల్ దూర్చి రెండు కొసలూ టక్కున నొక్కింది. సర్వర్ మళ్లీ లేచింది. రెండు వైపులా పచ్చ లైట్లు వెలిగాయి. సన్నీ చప్పట్లు కొట్టాడు. దీవెన ఒక పెళ్లి ఫైలు కాపీకి పెట్టి చూసింది.

సెకనుకు నూటపది ఎంబీ. నిన్న ఎంతో ఈరోజూ అంతే.

క్రాంతి కుమార్ ఆమె వెనకాలే నిలబడి ఉన్నాడు. "చెప్పిన గదా అక్కా. లైట్లు ఎలిగినయ్, గంతే."

చక్రపాణి గుమ్మంలోంచే చూసి, "ఇక చాలు, విప్పేసి ఎప్పట్లాగే పెట్టేయండి," అని వెళ్లబోయాడు.

దీవెనకు కళ్లలో నీళ్లు తిరిగేంత కోపం వచ్చింది. ఆ కోపం వాళ్ల మీద ఎంతో, తన మీద అంతే. అయినా కుర్చీలోంచి కదల్లేదు. "సాయంత్రం దాకా అన్నరు సార్. ఇంక పన్నెండే అయింది," అంది.

టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. తను చేసినదంతా మొదటి నుంచి మళ్లీ చూసుకుంది. కార్డు సరిగానే ఉంది. కేబుల్ సరిగానే ఉంది. అప్పుడు కంట పడింది తప్పు. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఇంటి నంబరు లాంటి ఒక అడ్రసు ఇవ్వాలి. కొత్త కార్డులకు ఆమె పాత వరుసలోని నంబర్లే ఇచ్చేసింది. రెండు దారులూ ఒకే వీధి అనుకున్న కంప్యూటర్ అలవాటైన పాత దారినే, ఆ స్విచ్ డబ్బా మీదుగానే వెళ్తోంది. కొత్త కేబుల్‌లోంచి ఒక్క ఫైలూ పోవడం లేదు.

"నాదే తప్పు," అంది పైకే. క్రాంతి కుమార్ ఏదో అనబోతే, "ఆగు తమ్మీ," అని చెయ్యి అడ్డం పెట్టింది.

కొత్త కార్డులు రెంటికీ ఆఫీసులో ఇంకెవరికీ లేని వేరే వరుస నంబర్లు ఇచ్చింది. ఇంటర్నెట్ పాత దారినే పోయేలా వదిలేసింది. సర్వర్‌ను ఎప్పట్లా పేరుతో కాక, ఆ కొత్త నంబరుతో తెరిచింది. అదే ఫైలు మళ్లీ కాపీకి పెట్టింది.

తెర మీద వేగం చూపించే గీత ఒక్కసారిగా పైకి లేచింది. ఆరువందల ఎనభై. ఏడువందల ఇరవై. అక్కడే అటూ ఇటూ ఊగుతూ నిలబడింది.

"అంతకన్న ఎక్కువ సర్వర్ల ఉన్న డిస్కులియ్యలేవు. కేబులైతే ఇంక ఖాళీగనే ఉన్నది," అంది దీవెన, తిరిగి చూడకుండానే. తర్వాత కాపీ కూడా ఆపేసి, సర్వర్‌లో ఉన్న వీడియోనే నేరుగా తెరిచింది. మూడు కెమెరాల బొమ్మలూ పక్కపక్కన తడబాటు లేకుండా ఆడాయి. ఇక కాపీ చేసుకోవాల్సిన అవసరమే లేదు.

చక్రపాణి దగ్గరికి వచ్చి వంగి చూశాడు. అంతలో ఎవరో పెళ్లివాళ్లు ఫోన్ చేస్తే ఉత్సాహంగా, "మీ వీడియో ఈ వారంలోనే ఇచ్చేస్తామండీ. మా నెట్‌వర్క్ అబ్బాయి కొత్త లైన్ వేశాడు," అన్నాడు.

"సార్," అంది దీవెన. ఆ గొంతుకు గదంతా ఇటు తిరిగింది. "ఏసింది నేను."

చక్రపాణి ఫోన్ చెవికి ఆనించుకునే ఆమె వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. "అబ్బాయి కాదండీ," అన్నాడు ఫోన్లో, గొంతు సవరించుకుని. "మా ఎడిటర్ వేసింది. దీవెన అని."

క్రాంతి కుమార్ సంచి సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "నంబర్ల సంగతి నాకూ తట్టలే అక్కా," అన్నాడు మెల్లగా. ఆ ఒక్క మాటకు ఆమె అతని నవ్వును క్షమించింది.

రెండు వారాల తర్వాత చక్రపాణి చేతిలో జాబితాతో వచ్చాడు. "నెలకి మూడు పెళ్లిళ్లు చేసేదానివి కదమ్మా. ఇప్పుడు స్పీడు వచ్చింది. శ్రావణంలో ఆరు ఇస్తాను."

"నాలుగు చేస్త."

"అదేంటి? అంత టైము మిగిలింది కదా?"

"ఫైళ్లు జల్దీ వస్తున్నయ్ సార్. పెండ్లి చూసుడు ఎట్ల జల్దీ అయితది? పద్దెనిమిది గంటల వీడియో నేను పద్దెనిమిది గంటలు చూడాల్సిందే. చూడకుండ కోస్తే పిల్ల తాత కండ్లు తుడుచుకునేది పోతది. వాళ్లు మన దగ్గరకొచ్చేదే దానికోసం."

"కుదరదంటే?"

"చేవెళ్లల నాకు పని దొరకదా సార్? ఇప్పుడు గీ పని కూడ వస్తది నాకు."

సన్నీ ఈసారి మౌస్ వదిలేసి తిన్నగా ఇటే చూస్తున్నాడు. చక్రపాణి జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాలుగే కానీ," అన్నాడు చివరికి. "సన్నీ సీటుకు కూడా అలాంటి లైన్ పడుతుందా?"

"సర్వర్ కార్డుకు ఇంకో కేబుల్ గుచ్చే రంధ్రం ఖాళీగున్నది. పడతది. సన్నీ పక్కన కూసొని నేర్చుకుంటనంటేనే ఏస్త. రేపు నేను లేకున్నా పని ఆగొద్దు."

సన్నీ అప్పటికే కుర్చీ లాక్కుని వచ్చాడు. దీవెన హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని, శంకర్‌పల్లి వాళ్ల పెళ్లి మొదటి నుంచి చూడడం మొదలుపెట్టింది.