అద్దె నవల అంచుల్లో రాసుకున్న మాటలు

మొన్న ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చాక, మా అన్నయ్య మనవరాలు నా పక్కన చేరి ఫోనులో ఏదో చదువుకుంటూ తనలో తను నవ్వుకుంటుంటే ఏమిటే అని అడిగాను. ఏదో నవలట, ఈ కాలపు ప్రేమకథ, కాస్త శ్రుతి మించినది. కథకంటే దాని కింద చదివినవాళ్ళు రాసిన అభిప్రాయాలే బాగున్నాయని అది నవ్వుతోంది. ఒకరేమో అన్నం మానేసి చదివామన్నారు, ఇంకొకరు సిగ్గులేని రాతలన్నారు, వేరొకరు ఆ రెండో ఆవిడను తిట్టారు. "మీ రోజుల్లో ఇలాంటివి ఉండేవి కావు కదా మామ్మా" అంది అమాయకంగా. నేను పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్ళిపోయాను. దానికి చెప్పనిది మీకు చెబుతాను. నా ఈడువాళ్ళయితే మీలో కొందరైనా అద్దె నవలలు కొంగుచాటున తెచ్చుకుని చదివినవాళ్ళే అయి ఉంటారు.

మాది ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లె. నాన్న ఆ చుట్టుపక్కల ఊళ్ళ చర్చిలకు ఉపదేశి. నాకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజులు వచ్చాయంటే, ఊరందరికీ రెండు తుమ్ములతో పోయే ఘాటు నాకు ఊపిరి ఆగినంత పని చేసేది. బడి సరిగ్గా కల్లాల పక్కనే ఉండటంతో నాన్న నన్ను పంపలేదు. తనే ఇంట్లో కూర్చోబెట్టుకుని, బైబిలు వాక్యంలోని పెద్దచ్చు అక్షరాల మీద నా వేలు పెట్టించి చదువు నేర్పాడు. అందుకే నా దస్తూరి ఇవాళ్టికీ అచ్చు వేసినట్టే ఉంటుంది, గొలుసుకట్టు నాకు రాదు. ఆయాసం పిల్లను చేసుకుంటామని ఎవరూ రాలేదు, నాన్న కూడా ఎవరినీ అడగలేదు. ఆయన పోయాక, తొంభైల చివర్లో, ఒంగోలులో ఉన్న అన్నయ్య వచ్చి నన్ను తీసుకెళ్ళాడు. అప్పటికి నాకు ముప్ఫై అయిదు. అన్నయ్యా వదినా నన్ను ఏనాడూ బరువనుకోలేదు, ఆ మాట దేవుడి ఎదుట చెబుతాను, వాళ్ళ అన్నం తిన్నందుకు ఈనాటికీ ఆయనకు స్తోత్రం చెల్లిస్తాను. అయినా సాయంత్రం అన్నయ్య గుమ్మంలోకి రాగానే వదిన గొంతు మారేది, ఇద్దరూ లోపలి గదిలో ఏవో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు, నేను వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ ఉండేదాన్ని.

ఊరికే కూర్చోలేక మధ్యాహ్నాలు మా బాబాయి షాపుకు వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన నాన్నకు వరసకు తమ్ముడు, ట్రంకు రోడ్డు వెనక సందులో పుస్తకాలు అద్దెకిచ్చే షాపు నడిపేవాడు. వెనకవైపు కిటికీ దగ్గర పీట వేసుకుని, మైదాపిండిలో పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలిపి ఉడికించిన జిగురుతో ఊడిన అట్టలు అంటించడం, విడిపోయిన పుస్తకాలను దబ్బనంతో కుట్టడం, పాత కేలండరు కాగితాలతో అట్టలు వెయ్యడం నా పని. చదివినవాళ్ళు పుస్తకాల నిండా ఏవేవో రాసి పంపేవాళ్ళు, పెన్సిలు రాతలైతే రబ్బరుతో తుడిచెయ్యాలి. పుస్తకం పుస్తకంలా ఉండాలమ్మా, పిచ్చిరాతలు ఉంచకు అనేవాడు బాబాయి. తుడిచే ముందు చదవకూడదని మాత్రం అనలేదు.

నేను చెప్పబోయే నవల వచ్చింది ఆ రోజుల్లోనే. భర్త నుంచి విడిపోయి హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే ఒకామె, ఆమెకంటే చిన్నవాడైన ఒక ఇంజనీరు, వానలో ఆగిపోయిన కారు, కొండమీద ఒక గెస్ట్‌హౌసు. నూట పన్నెండో పేజీ గురించి చదివినవాళ్ళూ చదవనివాళ్ళూ కూడా మాట్లాడుకునేవాళ్ళు. బాబాయి రెండు ప్రతులు తెప్పిస్తే రెండూ షాపులో ఒక పూటైనా నిలిచేవి కావు. నెల తిరక్కుండానే ఒకదాంట్లో ఆ పేజీ ఎవరో చింపుకుపోయారు. పేజీ పోతే రెండో ప్రతి చూసి చేత్తో రాసి అంటించడం మా షాపు ఆనవాయితీ. బాబాయి రెండు పుస్తకాలూ నా ముందు పెట్టి, నా మొహం చూడకుండా, "ఆ ఒక్క కాగితం సంగతి కాస్త చూడమ్మా" అని టీకి వెళ్ళి, ఆ రోజు టీ చాలాసేపు తాగాడు. నేను రాశాను. వాక్యం మీద వేలు పెట్టి నేర్చుకున్న అక్షరాలతో కాగితం రెండు వైపులా రాశాను, ఒక్క మాట కూడా వదల్లేదు. వదిలితే అదొక మోసమవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అసహ్యించుకుంటూ రాశానంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను. ఇంటికెళ్ళాక తలస్నానం చేసి ప్రార్థన చేసుకున్నాను.

ఇక ఆ నవల చివర ఉన్న తెల్లకాగితం మీద జరిగిన సందడి చూడాలి. ఇలాంటివి రాసేవాళ్ళ ఇళ్ళలో ఆడపిల్లలు లేరా అని ఒకావిడ నిలదీస్తే, ఉన్నారు, మీ అమ్మాయి లాగే వాళ్ళూ చదువుతున్నారు అని ఇంకొకావిడ జవాబు. ఈ హీరోలాంటివాడు మన ఒంగోల్లో ఉంటే అడ్రసు రాయగలరు అని ఒకరు రాస్తే, దాని కిందే, మా పక్కింట్లో ఉన్నాడు గానీ పెళ్ళాం గయ్యాళి, మీ ఇష్టం అని వేరొకరు. శైలి చక్కగా ఉంది, విషయం నీచంగా ఉంది అని పెద్దమనిషి తరహాలో ఎవరో సంతకంతో సహా రాస్తే, మరి మాస్టారూ మూడుసార్లు తీసుకెళ్ళారేం అని ఒక ఎర్ర ఇంకు. నాకు నవ్వాగేది కాదు. ఒక్కదాన్నే నవ్వుకుని, నవ్విన పాపానికి పెన్సిలు రాతలన్నీ ఒక్కొక్కటే తుడిచేదాన్ని. నలుగురు ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని వాదులాడుకుంటుంటే చివర చోటు దొరికినట్టుండేది నాకు, నన్నెవరూ పలకరించకపోయినా.

అలా తుడుస్తుండగానే, చేత్తో రాసిన పేజీ ఉన్న ప్రతిలో నూట నలభయ్యో పేజీ అంచున చీమలబారులాంటి చిన్న పెన్సిలు అక్షరాలు కనబడ్డాయి. ఆ పేజీలో ఘాటేమీ లేదు. ఆమెకు కాలు బెణికితే అతను మంచం పక్కన కింద కూర్చుని, ఎక్కడ నొప్పి అని అడుగుతాడు, ఆమె చెప్పేదాకా ఊరుకుని వింటాడు, అంతే. దాని పక్కన, "ఇది అబద్ధం. ఎవరూ ఇలా అడగరు" అని ఉంది. మిగతా అంతటినీ నమ్మిన మనిషి దీన్ని నమ్మలేకపోయిందే అనిపించి రబ్బరు పక్కన పెట్టేశాను. పెన్సిలు తీసి, అలా అనుకోకండి, అడిగే రోజు వస్తుంది, మీ కోసం ప్రార్థన చేస్తాను అని కింద రాశాను.

బయటికి రాలేని ఆడవాళ్ళ ఇళ్ళకు మా నవలలు పూలబుట్టలో వెళ్ళేవి. పూలమ్మే ఆవిడ రోజూ సాయంత్రం వచ్చి నాలుగైదు పుస్తకాలు తడిగుడ్డ తగలకుండా అడుగున సర్దుకునేది. రెండు వారాల తర్వాత ఆవిడ, ఒక ఇంట్లో అడిగారని, నేను రాసిన పేజీ ఉన్న ఆ కేలండరు అట్ట పుస్తకమే మళ్ళీ కావాలంది. అది తిరిగొచ్చాక చూస్తే నా మాట కింద జవాబుంది: "నూట పన్నెండో పేజీ రాసింది మీరేగా, అక్షరాలు చూస్తే తెలిసింది. పెళ్ళయినావిడ కాకపోతే అది రాయలేరు. మీ ఆయన అడుగుతారా? నిజం చెప్పండి."

నాకు పెళ్ళి కాలేదని రాస్తే, ఆవిడ సిగ్గుపడి మళ్ళీ రాయదేమోనని భయం వేసింది. ఆవిడకు ధైర్యం చెబుతున్నానని అనుకున్నాను గానీ, నా భయం అదే. అడుగుతారు అని రాశాను. ఉపదేశి కూతుర్ని, ఒక్క మాటలో మొగుణ్ణి సంపాదించుకున్నాను.

ఆ తర్వాత రెండు మూడు వారాలకొకసారి ఆ పుస్తకం పూలబుట్టలో వెళ్ళడం, రావడం. మిగతా రోజుల్లో వేరెవరి చేతా పడకుండా నా పీట కింద దాచేదాన్ని. ఆవిడ అడిగేది, నేను రాసేదాన్ని. నవలలో అతనికి కారుంది, మా ఆయనకు నేను సైకిలిచ్చాను. పొగాకు కంపెనీలో గుమస్తాను చేశాను. మాటలు తక్కువ. నాకు ఆయాసం వచ్చిన రోజు పక్కన కూర్చుని వీపు రాస్తాడు, కూరలో ఉప్పెక్కువైతే ఏమీ అనకుండా మజ్జిగ పోసుకుంటాడు. ఇవన్నీ ముందుగా ఆలోచించి రాసినవి కావు, పెన్సిలు పెడితే వచ్చేవి. ఒకరోజు వదినతో బజారుకెళ్ళి తిరిగి వస్తూ, నీలం గళ్ళ చొక్కా గుడ్డ చూసి ఇది ఆయనకు బాగుంటుంది అనుకుని, నడుస్తున్నదాన్ని ఆగిపోయాను. ఎవరావిడ అని పూలావిడను ఒకసారి అడిగాను. "అడగమాకమ్మా. నేను పూలిచ్చేదాన్ని, ఇళ్ళల్లో గుట్టు ఇచ్చేదాన్ని కాదు. నిన్న వేరే పుస్తకం తీసకపోతే గుమ్మం ఎక్కనీలేదు నన్ను, అది మాత్రం చెబుతా" అంది.

చలికాలం వెళ్ళేసరికి ఆ చిన్న అక్షరాలావిడ ఇలా రాసింది. "ఇది కథ అనుకున్నన్నాళ్ళూ నాకు బాధ లేదు. మీ ఆయనలాంటివాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారంటే లోపం నాలోనే ఉండి ఉండాలి. అదేమిటో తెలిస్తే మార్చుకునేదాన్ని. మీకేమైనా తెలుసా?"

ఆ ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే వేళ నేను లేచి బల్ల దగ్గరికి వెళ్ళలేకపోయాను. వదిన ఒంట్లో బాగాలేదా అని సైగ చేసింది. నిజం రాస్తే ఆవిడ బతుకులో తప్పు ఆవిడది కాదని తేలుతుంది, నేను చెయ్యాల్సింది అదే, అందులో సందేహం లేదు. కానీ నిజం రాస్తే ఆయన ఉండడు. మూడు రోజులు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగో రోజున రాశాను. నాకు పెళ్ళి కాలేదు, నేను రాసినవన్నీ కల్పించినవి, మీలో ఏ లోపమూ లేదు, నన్ను క్షమించండి అని, ఎవరూ చదవడానికి ఇబ్బంది పడకుండా అచ్చు అక్షరాలతో రాశాను.

పూలావిడకు జ్వరం వచ్చి ఆ వారమంతా రాలేదు. నేను లేని పూట బాబాయి ఆ పుస్తకం కాలేజీ హాస్టలు అమ్మాయిలకు ఇచ్చేశాడు. తిరిగి వచ్చేసరికి నా ఒప్పుకోలు చుట్టూ నీలం ఇంకు. "ఆంటీ, ఎంత మోసం!" అని ఒకమ్మాయి. "పోనీలే, పాపం" అని ఇంకొకమ్మాయి. "ఈ నవల హీరో కంటే ఆంటీ వాళ్ళాయనే నయం, కారు లేకపోయినా నేను చేసుకుంటా" అని మూడో ఆమె. ఇంకు రాతలు కాబట్టి తుడవడానికి లేదు. నలుగురి అభిప్రాయాలకూ దొరికిపోయిన పుస్తకంలా కూర్చున్నాను. అలాగే ఇచ్చి పంపాను పూలావిడ కోలుకుని వచ్చాక.

పదిహేను రోజులకు తిరిగి వచ్చింది. ఇంకు రాతల మధ్య మిగిలిన కాస్త చోటులో ఆ చిన్న అక్షరాలు: "మీకు పెళ్ళి కాలేదని చదవగానే నా మనసు తేలికపడింది. ఇలా రాయకూడదు, ఏమనుకోకండి. ఇన్నాళ్ళూ అద్దంలో చూసుకుని ఏం తక్కువైందో వెతుక్కున్నాను, ఇంక వెతకను. కానీ మీ ఆయన పోయినందుకు మాత్రం చాలాసేపు ఏడ్చాను."

నన్ను పరామర్శించింది ఈ భూమ్మీద ఆవిడ ఒక్కతే. ఆ మాట చదివాకగానీ నాకు ఏడుపు రాలేదు. ఆయాసం వచ్చిందని అన్నయ్య ఇంట్లో అందరూ అనుకున్నారు, వదిన వేణ్ణీళ్ళు కాచి ఇచ్చింది.

నేను జవాబు రాసి ఉంచాను గానీ పూలావిడ ఆ పుస్తకం మళ్ళీ అడగలేదు. వాళ్ళకు బదిలీ అయింది, చీరాల అవతలికి వెళ్ళారు, ఇంతకంటే అడగమాక అంది. టీవీ సీరియళ్ళ ముందు మా షాపు ఎంతో కాలం నిలవలేదు. బాబాయి పోయాక పుస్తకాలన్నీ తూకానికి పోయాయి, ఆ సంగతి నాకు తెలిసేసరికే షాపులో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఇప్పుడు ఎవరి అభిప్రాయమైనా క్షణంలో లోకమంతా చదువుతుంది, తోచింది తోచినట్టు అంటుంది, మర్నాటికి మరచిపోతుంది. మంచిదే, నోరు లేని ఆడవాళ్ళకు నోరొచ్చింది, అందుకు సంతోషిస్తాను. ఒక్క మనిషి ఒక్క మాట కోసం పక్షం రోజులు కాచుకుని ఉండటం ఎలా ఉంటుందో మాత్రం ఈ పిల్లకు నేను చెప్పలేను.

అబద్ధమాడినందుకు దేవుణ్ణి క్షమించమని అడిగాను, క్షమించాడనే నా నమ్మకం. నేను సైకిలిచ్చిన ఆ మనిషిని మరచిపోతానని మాత్రం మాటివ్వలేదు. ఆయన్ని ఎరిగినవాళ్ళం లోకంలో ఇద్దరమే. ఆవిడ ఎక్కడుందో, అసలు ఉందో లేదో నాకు తెలియదు. లేకపోతే, నేనొక్కదాన్నే.