రెండో సుత్తి

మా ఊళ్లో ఫ్రెంచి జెండా దిగినప్పటి నుంచి మా నాన్నా, ఆయన తమ్ముడూ మాట్లాడుకోరు. ఊరు ఇండియాలో కలవాలని నాన్న, కలవకూడదని చిన్నాన్న. రేపు పొద్దున్నే చిన్నాన్న ఓడెక్కి ఫ్రాన్సుకు వెళ్లిపోతున్నాడు. మళ్లీ రాడు.

ఈ రోజు మురుంగపాక్కంలోని మా రిపేరు షెడ్డులో ఒక పాతకాలపు కారు స్టీరింగు కదలనని మొండికేసింది. ఉప్పుగాలికి ముందు చక్రాల దగ్గరి కీళ్లు రెండూ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కిరోసిన్ పోసినా, మంట చూపినా లాభం లేకపోయింది. ఇక కీలుకు అటొకరు ఇటొకరు నిలబడి రెండు సుత్తులతో ఒకేసారి కొట్టాలి. నాన్నకు ఎదురుగా నిలబడి కొట్టేది ఎప్పుడూ చిన్నాన్నే. నాన్నను అడగకుండా నేనే వెళ్లి పిలుచుకొచ్చాను.

ఇద్దరి మధ్యా మూరెడు దూరం. అయినా మాటలన్నీ నా మీదుగానే నడిచాయి.

"మీ చిన్నాయనకి చెప్పుమే, మూడు అనంగానే కొట్టాల."

"మీ నాయనకి చెప్పు, మాకు లెక్క ఏంటికి?"

లెక్క లేకుండానే రెండు సుత్తులూ ఒకే చప్పుడుగా పడ్డాయి. కాసేపటికి ఒక చక్రం కీలు ఊడింది. చిన్నాన్న సుత్తి కింద పెట్టి, నా తల నిమిరి వెళ్లిపోయాడు. నాన్న తలెత్తలేదు.

రెండో చక్రం కీలు ఇంకా అలాగే ఉంది. చీకటి పడేదాకా నాన్న రెండు సుత్తులూ ఒళ్లో పెట్టుకుని దాని ముందే కూర్చున్నాడు.

రేపు రెండో సుత్తి పట్టడానికి మీలో ఎవరైనా వస్తారా? వస్తే మాత్రం, ఈసారి ఆయన లెక్కపెట్టాల్సి వస్తుంది.