బిగింపు మాస్టారి వేళ్ళు

మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి, పెళ్ళీ పెటాకులూ లేవు. ఆయన కాపురమంతా కిటికీ పక్కనున్న పని బల్లతోనే. వీధిలో బిగింపు మాస్టారు అంటారు. ఏం బిగిస్తారంటే, హౌసింగులు. మా ముందుగదిలో చేత్తో ఇంకు కలాలు చేస్తాం. మా ఆయన లేతు మీద నల్లరబ్బరు కడ్డీ చెక్కుతారు, నేను మెరుగు పెడతాను. పాళీనీ, దాని కింద ఇంకు నడిపే నాలుకనీ పట్టి ఉంచే బుల్లి గొట్టమే హౌసింగు. దాన్ని కలం మెడలో మర తిప్పి కూర్చోబెట్టడం బావగారి వంతు.

"ముందు వెనక్కి తిప్పాలి అమ్మాయ్" అనేవారు నాతో. "మర మొదలు దొరికినప్పుడు వేలికి చిన్న అదురు తగులుతుంది. అప్పుడు ముందుకి తిప్పు. కళ్ళతో చూసి బిగించేవాడు కలాన్ని చంపేస్తాడు."

అలాంటి మనిషి బిగించిన కలాలు కారడం మొదలెట్టాయి. ఒకాయన చొక్కా జేబంతా నీలంగా చేసుకుని వచ్చి గుమ్మంలో చిందులు తొక్కాడు. విప్పి చూస్తే మర తప్పి వంకరగా ఎక్కింది, మెడ లోపల వెంట్రుకంత పగులు. "ధ్యాస ఎక్కడుంది అన్నయ్యా?" అని మా ఆయన కసురుకున్నారు. బావగారు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా!

మర్నాడు టీ ఇవ్వడానికి వెళ్ళాను కదా, ఆయన హౌసింగుని పెదవుల మధ్య పట్టుకుని, చేత్తో కలం మెడ తిప్పుతున్నారు.

"అదేం పని బావగారూ! చంటిపిల్లాడిలా నోట్లో పెట్టుకుంటారా?"

ఆయన దొంగలా ఉలిక్కిపడ్డారు. "పెదవికైతే తెలుస్తోంది అమ్మాయ్. వేళ్ళకి తెలియడం లేదు. షుగరు తినేసింది. వాడితో అనకు. అంటే బల్ల దగ్గర్నుంచి లేవమంటాడు. లేచి ఎక్కడికి పోను?"

అననని తలూపాను. అయినా నా నోట్లో నువ్వుగింజ నానదు, అన్నం తింటుండగా మా ఆయనతో చెప్పేశాను. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. ఆ తర్వాత అన్నగారిని పల్లెత్తు మాట అనలేదు. లేవమనడానికి నోరు రాక, బిగింపు తను తీసుకుని, రిపేరుకొచ్చిన పాత కలాల పని ఆయనకిచ్చారు. ఎండిన ఇంకుతో బిగుసుకుపోయిన హౌసింగు ఊడి రావాలంటే కలం మెడని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి. వేళ్ళతో గుర్తుపట్టాల్సింది అందులో ఏముంటుందిలే అనుకున్నారు మా ఆయన. నేనూ అలాగే అనుకున్నాను. బల్ల దగ్గరే ఉండమన్నందుకు బావగారి మొహం ఎంత వెలిగిందో!

ఆ వారమే నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఆయన కేకేశారు. "అమ్మాయ్, ఈ పొయ్యి సరిగ్గా మండుతోందా? ఎంత పెంచినా నీళ్ళు వెచ్చబడవే!"

వెళ్ళేసరికి గిన్నె కుతకుతలాడుతోంది. ఆవిరికి ఆయన కళ్ళద్దాలు మసకబారి ఉన్నాయి. కలాన్ని ముంచి పట్టుకున్న వేళ్ళు నీళ్ళలోనే ఉన్నాయి. "అయ్యో అయ్యో, చెయ్యి!" అని అరిచి లాగేశాను. వేళ్ళ మీది తోలు నా కొంగుకి అంటుకుని వచ్చింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, ముందు కలం వంక చూశారు. నల్లరబ్బరు మరిగే నీళ్ళకి బురద రంగు తిరిగింది. "అయ్యయ్యో, రంగు పోగొట్టానే. వాడేమంటాడో!" అన్నారు.

ఆస్పత్రికి తీసుకెళ్ళాం. పుండు మానలేదు. చివరికి కుడిచేతి బొటనవేలూ, పక్క రెండు వేళ్ళూ తీసేశారు. మా ఆయన మంచం పక్కన కూర్చుని అన్నగారి మొహం చూడలేక నేల చూపులు చూస్తుంటే, బావగారే ఆ కట్టుకట్టిన చేత్తో ఆయన భుజం తట్టారు.

"ఊరుకోరా. ఇక నన్ను బల్ల దగ్గర్నుంచి లేవమనే పని నీకు లేదుగా."