ఆరో నంబరు మంచానికి ప్రార్థన లేదట

ఆ ఉదయం క్లాసులో నా జోకుకు నేనే నవ్వబోయాను. కుడి డొక్కలో కత్తి దిగినట్టయింది. పిల్లలు ఎటూ నవ్వలేదు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. అప్పటికి నెల రోజులుగా దగ్గు ఉంది. కానీ మిరపకాయలు ఆరబోసే రోజుల్లో మా వైపు దగ్గనివాణ్ణే అనుమానించాలి.

గుంటూరులో ఎక్స్-రే తీశారు. "ప్లూరల్ ఎఫ్యూజన్. లంగ్ చుట్టూ నీళ్ళు చేరాయండి," అన్నారు డాక్టరుగారు. వీపులో సూది గుచ్చి లీటరుంబావు లాగారు. రంగు మా కాలేజీ క్యాంటీన్ టీ లాగే ఉంది. టెస్టుల్లో టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు. "ఒక్క రోజు కూడా మానకూడదు. ఒంట్లో ఏ తేడా వచ్చినా వెంటనే చెప్పాలి."

ఇంటికి రాగానే మా ఆవిడ అన్న ప్రభుదాసు దిగాడు. నాది పసితనంలో పాస్టరుగారు నుదుటిమీద నీళ్ళు చల్లిన బాప్తిస్మం. వాళ్ళ సంఘంలో నిండా ముంచితేనే లెక్క.

"బావా, ఈ క్షణం పోతే ఎక్కడికి పోతావో తెలుసా?"

"పోయే ఓపిక లేదు బావా. బాత్రూమ్‌కే పట్టుకుని తీసుకెళ్తున్నారు."

"ఎగతాళి వద్దు. ఆదివారం సాగర్ కాలవలో ముంచి లేపుతాం. రక్షణా వస్తుంది, రోగమూ పోతుంది."

"డాక్టరేమో నీళ్ళు బయటికి తీస్తున్నాడు. నువ్వు నీళ్ళలోకి దింపుతానంటున్నావు. ముందు మీరిద్దరూ ఒక మాట మీదికి రండి."

రెండో నెలలో అన్నం సహించలేదు. మూత్రం పచ్చబడింది. ఎండలకనుకుని ఊరుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా. కళ్ళు కూడా పచ్చబడ్డాక అడ్మిట్ చేశారు. "టీబీ మందులకి లివర్ ఎంజైమ్స్ బాగా పెరిగాయి. ముందే చెప్పమన్నానా లేదా?" అని తిట్టి, మందులన్నీ ఆపేశారు.

పక్కనున్న ఆరో నంబరు మంచం ఇన్నయ్యగారిది. మార్టూరులో గ్రానైట్ పాలిష్ చేసీ చేసీ ఊపిరితిత్తుల నిండా రాతి పొడి. ముక్కుకు ఆక్సిజన్, చేతిలో జపమాల. ఆర్‌సీఎం వాళ్ళు, అంటే రోమన్ క్యాథలిక్కులు. నాకు వాంతి వస్తే ఆక్సిజన్ గొట్టం సాగినంత మేర వంగి బేసిన్ పట్టుకునేవారు. "మొహమాటపడమాకయ్యా, కానియ్," అనేవారు. ఆయన భార్య మరియమ్మగారు గంజి కాచి తెస్తే నాకూ ఒక గ్లాసు పోసేవారు.

వారం తర్వాత, ప్రభుదాసు నన్ను చూడ్డానికి వచ్చిన సాయంత్రమే ఇన్నయ్యగారు పోయారు. ప్రభుదాసు చంకలో బైబిలు చూసి మరియమ్మగారు చేతులు జోడించారు.

"అయ్యా, మా ఫాదరుగారు వచ్చేసరికి పొద్దుపోయిద్ది. ఒక్క ప్రార్థన చెయ్యండయ్యా."

"ఏం లాభమమ్మా? ఆయన రక్షణ పొందలేదు. నరకానికి పోయినవాడికి ప్రార్థనేంటి?"

అంత ఖచ్చితమైన రిపోర్టు ఆ ఆసుపత్రి ల్యాబు కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. వార్డులో కఫం డబ్బాలు నాకు అలవాటయ్యాయి, నా వాంతులూ అలవాటయ్యాయి. రోత పుట్టింది మాత్రం అప్పుడే. అంతకన్నా రోత, ఇన్నాళ్ళూ అతని మాటలకు నేను జోకులేసి ఊరుకోవడం.

"నువ్వు బయట కూర్చో బావా."

"నేను వాక్యం చెప్తున్నా..."

"తీర్పు చెప్తున్నావు. లే."

మంచం దిగి, ఆమె పక్కన నిలబడి పరలోక ప్రార్థన మొదలుపెట్టాను. నాకు తడబడకుండా వచ్చేది అదొక్కటే. ఆమె గొంతు కలిపారు. క్యాథలిక్కుల్లో ఆ ప్రార్థన మాదానికంటే ఒక వాక్యం ముందే ముగుస్తుందన్న సంగతి నాకు తట్టలేదు. ఆమె ఆగిపోయారు. నేను చెప్పుకుంటూ పోయాను. మరియమ్మగారు భర్త చెయ్యి పట్టుకుని, నేను ముగించేదాకా ఓపిగ్గా చూసి, నాతోపాటు "ఆమెన్" అన్నారు.

తర్వాత మందులు ఒక్కొక్కటే మళ్ళీ స్టార్ట్ చేశారు. ఆరు నెలల కోర్సు తొమ్మిది నెలలు పట్టింది. ఇప్పుడు మూడో అంతస్తులోని క్లాసుకు ఆగకుండా ఎక్కుతున్నాను. ప్రభుదాసు ఇప్పటికీ వస్తాడు, భోజనం పెడతాం. అతను చివరికి ఎక్కడికి పోతాడన్నది దేవుడికే వదిలేశాను. నాకూ ఒక అభిప్రాయం లేకపోలేదు.

ఆసుపత్రిలో ఎవరినైనా చూడ్డానికి వెళ్ళినప్పుడు, పక్క మంచంవాళ్ళు ప్రార్థన అడిగితే ఏ సంఘమని అడక్కుండా చేసెయ్యండి. రాకపోతే చెయ్యి పట్టుకుని నిలబడండి. మిగతాది మన డిపార్ట్‌మెంట్ కాదు.