వరద గట్టు మీద దుర్భిణి

నా చిన్నప్పుడు పట్టిసీమ రేవు దగ్గరే మా ఇల్లు. ఒక శ్రావణ సోమవారం అమ్మ, మరికొందరు ఆడవాళ్ళతో కలిసి, నది మధ్య కొండమీదున్న వీరభద్రస్వామి గుడికి పడవలో వెళ్ళింది. మధ్యాహ్నానికి గోదావరి ఒక్కసారిగా పొంగి, రాకపోకలు ఆగిపోయాయి. అంతలో బోల్తాపడిన పడవ ఒకటి మా కళ్ళముందే కొట్టుకుపోయింది. అమ్మవాళ్ళు ఎక్కింది అదేనని ఎవరో అన్నారు. గట్టంతా ఏడుపులు. నాకు ఏడుపు రాలేదు, నదికేసే చూస్తూ నిలబడ్డాను. నాన్న, చిన్నాన్న వెతకడానికి పడవ విప్పబోయారు.

అప్పుడే మా తాతయ్య తన పాత ఇత్తడి దుర్భిణి మోసుకొచ్చారు. సైన్సు మాస్టారుగా పనిచేసిన ఆయన, ఒక జమీందారీ బంగళా సామాను అమ్ముతుంటే దాన్ని కొనుక్కున్నారు. తొలినాటి కటకాల దుర్భిణుల్లో ప్రతి వస్తువు చుట్టూ రంగుల అంచులు కనిపించేవట. ఆ ఇబ్బంది తప్పించడానికి కటకాలకు బదులు వెలుగును తిప్పికొట్టే అద్దాలతో తయారుచేశారట. గాజుమీద వెండిపూత వేయడం అప్పటికింకా తెలియదు. అందుకని రాగి, తగరం కలిపి అద్దాన్ని పోతపోసి, మెరిసేదాకా సానబట్టేవారట. తాతయ్య దుర్భిణిలో పెద్ద అద్దం నడుమ రంధ్రం ఉండేది. ముందున్న చిన్న అద్దం వెలుగును వెనక్కి తిప్పి, ఆ రంధ్రంలోంచి కంటికి పంపేది. బొమ్మ తలకిందులు కాకుండా నిటారుగా కనిపించేది.

కానీ ఆ రోజు ఏమీ కనిపించలేదు. ఇంట్లో చల్లగా ఉన్న అద్దానికి బయటి తడిగాలి తగిలి చెమ్మ పట్టింది.

"తుడిచేయండి నాన్నా, ఆలస్యమైపోతోంది," అన్నాడు నాన్న.

"గుడ్డ పెడితే గీతలు పడతాయిరా. ఇంక ఎప్పటికీ కనపడదు. నేను చూసేదాకా ఎవరూ నీళ్ళలోకి దిగొద్దు."

అద్దం కూడా గాలంత వెచ్చబడి చెమ్మ ఆరేలా, దుర్భిణిని గాలివాటుకు తిప్పి నిలబడ్డారు. అందరూ ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నారు. చెమ్మ విడిచాక గుడి కొండకేసి చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పిలిచారు.

"మీ అమ్మను నువ్వైతే గుర్తుపడతావు. చూసింది చెప్పమ్మా. అనుకున్నది చెప్పకు."

మసక వెలుగులో రాళ్ళు, మెట్లు, గుంపుగా మనుషులు. ఒక ఆకుపచ్చ చీర, పొద్దున అమ్మ కట్టుకెళ్ళిన రంగే. అమ్మేనన్న మాట నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. ఆ మనిషి ఇటు మొహం తిప్పి, తడిసిన కొంగు పిండుకుంది.

"అమ్మే తాతయ్యా."

నాన్న పడవ తాడు వదలకుండానే బురదలో కూలబడిపోయాడు. కొట్టుకుపోయింది రేవులో కట్టు తెగిన ఖాళీ పడవేనని తర్వాత తెలిసింది. వరద తీశాక అందరూ క్షేమంగా వచ్చారు.

ఇప్పుడు ఫోన్లలో చెడు కబుర్లు ఇట్టే వచ్చేస్తాయి. ఇంట్లోవాళ్ళు కంగారుపడుతుంటే, చెప్పినవాళ్ళు కళ్ళారా చూశారా అని అడుగుతాను. నాది రాతిగుండె అంటారు మనవలు. ఆ మాట అడగడానికి ఎంత గుండె కావాలో గట్టు మీద నిలబడినవాళ్ళకే తెలుసు.