దిబ్బకు జ్వరం

మదనపల్లెలో వీధంతా ఖాలా అని పిలిచే మా ఎదురింటి ముస్లిం పిన్నమ్మ రోజూ ఇంటింటికీ తిరిగి కూరగాయల తొక్కలు అడిగి తీసుకుపోయి, పెరట్లో ఎరువుదిబ్బ వేసేది. పొద్దున్నే దాంట్లోకి మోచేతి దాకా చెయ్యి దూర్చేది. లోపల వేడి తగిలితే ముఖం విప్పారేది.

"జరమొచ్చిండాది సూడమ్మా. ఇంగ మంచి ఎరువైతాది," అనేది.

ఆ ఎరువుతో పెంచిన వంకాయలు వీధంతా తిన్నాం. వాసనొస్తోందని మునిసిపాలిటీకి అర్జీ పెట్టింది మాత్రం నేను. దిబ్బను ట్రాక్టరుకెత్తుతుంటే, అర్జీ ఎవరిదో తెలియని ఖాలా నా చెయ్యే పట్టుకుంది.

"ఇంకా జరం తగ్గలేదని సెప్పమ్మా వాళ్లకి."

నేను చెప్పలేదు. తర్వాత ఆమె పుంగనూరులో చెల్లెలింటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు మిద్దె మీద తొట్టిలో నేనూ తొక్కలు వేస్తున్నాను. రోజూ చెయ్యి పెట్టి చూస్తాను. చల్లగానే ఉంటుంది. ఎందుకో అడుగుదామంటే పుంగనూరు ఎంతో దూరం లేదు. నాకే ముఖం చెల్లదు.