నలభై నిమిషాలు ఎక్కువ

ఫర్నేసు దగ్గర అతన్ని అందరూ ‘నిదానం’ అనేవారు. ఆ పేరు పెట్టింది మరెవరో కాదు, సాక్షాత్తూ అక్క మొగుడే. “టీ ఇస్తే చల్లారిపోయాక గానీ తాగడు, వీడి చేతికి ఫర్నేసు అప్పజెప్పిందెవర్రా” అని బావ ఆటపట్టిస్తే అతను నవ్వి ఊరుకునేవాడు.

బావ పని మాత్రం రెప్పపాటులో అయిపోయేది. కరిగిన అల్యూమినియాన్ని గ్యాసుతో చిమ్మి పొడి చేసేవాడు. చుక్క కింద పడేలోపే గడ్డకట్టేది, లోహం లోపలి పలుకులు, అంటే స్ఫటికాలు, పెరగడానికి తీరికే ఉండేది కాదు. పలుకు ఎంత సన్నమైతే లోహానికి అంత బలం. ఆ పొడిని డబ్బాలో కూరి, వేడి మీద లోపలి గాలీ తేమా లాగేసి, మూతి మూసి, ప్రెస్సులో కడ్డీగా తీయాలి. వేడి చేయడం నిదానం పని, ప్రెస్సు నడపడం అక్క పని. ఇంట్లో ఎంత పోట్లాడుకున్నా షెడ్డులో ముగ్గురిదీ ఒకే మాట.

అలాంటి బావ గుండె ఆగి చనిపోయాడు. అతను చేసిన పొడి ఒక్క డబ్బాకు సరిపడా మిగిలింది. దాని కడ్డీ పరీక్షలో నెగ్గితే బావ పద్ధతి నిలుస్తుంది, లేకపోతే ఆ పని మూసేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పారు. అక్క కళ్లు తుడుచుకుని పనిలోకి వచ్చింది.

రెండు గంటలే వేడి చేయాలి. అది దాటితే సన్నని పలుకులు ఒకదాన్నొకటి మింగి లావెక్కుతాయి. ఈ సంగతి నిదానానికి కంఠతా వచ్చు. అయినా రెండు గంటలు నిండేసరికి డబ్బా దింపడానికి చెయ్యి రాలేదు. ఒకప్పుడు తేమ మిగిలిన డబ్బా ప్రెస్సులో పేలి, పక్కనున్న బావ భుజం కాలింది. ఇప్పుడు ఆ ప్రెస్సు ముందు అక్క నిలబడి ఉంది. దేవుడా, ఇంకో పది నిమిషాలు, అనుకున్నాడు. అలా నాలుగుసార్లు అనుకున్నాడు.

కడ్డీ నున్నగా, మెరుస్తూ వచ్చింది. మర్నాడు పరీక్షలో లాగితే సగం బలానికే సాగిపోయింది. మైక్రోస్కోపు కింద చూస్తే పలుకులన్నీ ఉబ్బిపోయి ఉన్నాయి.

“పొడిలోనే లోపం ఉండి ఉంటుందమ్మా,” అన్నాడు ఇంజనీరు, అక్క మొహం చూడలేక.

నోరు మూసుకుంటే సరిపోయేది, నిదానాన్ని ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కారు. కానీ పోయిన మనిషి మీద నింద మోపి అన్నం ఎలా తింటాడు?

“పొడికి వంక లేదండీ. నేనే నలభై నిమిషాలు ఎక్కువ ఉంచాను. పేలుతుందేమోనని భయపడ్డాను. అక్క అక్కడే ఉంది.”

అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

“భయమేస్తోందని నాతో ఒక్క మాట అనకపోయావురా. ప్రెస్సు ముందు మందపాటి ఇనుప రేకు నిలబెట్టుకుని నడిపేదాన్ని కదా. పది నిమిషాల పని.”

అతనికి ఆ ఆలోచనే తట్టలేదు. ఏడుపు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు.

వారం తిరక్కుండా, బావ పొడి చేసిన యంత్రాన్ని తీసేయమని కబురొచ్చింది. దాన్ని విప్పడం తెలిసినవాళ్లు వేరే లేరు. అక్కా తమ్ముడే చెరోవైపు నిలబడి బోల్టులు విప్పారు.